నడుస్తున్న పెట్టెకు బొట్టు

నాకు కుళ్ళు ఎక్కువ. ఈ సంగతి మా వాడకట్టు మొత్తానికి తెలుసు, మా ఆయనకు అందరికంటే ఎక్కువ తెలుసు. పక్కింటి మగ్గం మీద చీర మాకంటే ముందు దిగితే ఆ పూట నాకు అన్నం సహించేది కాదు. ఇంత వయసు వచ్చాక దాచుకోవడానికి ఏముంది? ఇప్పుడు రాస్తున్నది మాత్రం చీర గురించి కాదు, ఒక తాళంచెవి గురించి.

మాది నల్లగొండ జిల్లా, కేతేపల్లి దిక్కు. మగ్గం మీద బతికిన ఇల్లు. అక్షరాలు నాకు ఆలస్యంగా వచ్చాయి. పిల్లల పెళ్ళిళ్ళు అయిపోయాక మా వాడకట్టులో సాయంత్రం బడి పెడితే పలక పట్టుకుని పోయి కూర్చున్నాను. "గిప్పుడేం సదువు, కలెక్టరువైతవా?" అని మా ఆయన గడప మీద కూర్చుని నవ్వేవాడు. కలెక్టర్ని కాలేదు గాని, ఎవరినీ అడగకుండా బోర్డు చదివి బస్సెక్కడం మొదలుపెట్టాను. అప్పటిదాకా బస్టాండులో ప్రతి మొఖాన్నీ అడుక్కున్నదాన్ని కదా, అది నాకు చిన్న సంగతి కాదు.

తెలంగాణ వచ్చిన కొత్తలో నా మోకాళ్ళు మగ్గం గుంటలోకి దిగడానికి ఒప్పుకోవడం మానేశాయి. తెలిసినవాళ్ళు చెబితే ఒక యూనివర్సిటీలో అటెండర్ పనిలో చేరాను. దాని పేరు రాయను. గుట్ట పక్కన కొత్తగా కట్టిన బిల్డింగులు, మధ్యలో తుమ్మచెట్లు, ఎండాకాలం నీళ్ళ ట్యాంకరు కోసం చూపులు. నన్ను కంప్యూటర్ల డిపార్ట్‌మెంటుకు వేశారు. ఊడవడం, చాయ్ తేవడం, కాగితాలు ఈ గది నుంచి ఆ గదికి మోయడం. ఎవరు పిలిచినా "ఏయ్ అమ్మా, ఇట్రా" అనే పిలుపే.

ఆ వరండా చివర ఒక చిన్న గది ఉండేది. లోపల ఎప్పుడూ చలి, ఎప్పుడూ హోరు. బీరువా అంత ఇనుప చట్రంలో పెట్టె మీద పెట్టె. దాన్ని మిర్రరు అనేవాళ్ళు. చూసేవాళ్ళు ముగ్గురు నలుగురు. వాళ్ళలో ముఖ్యం ఇద్దరు: రీసెర్చి చేసే ఒక అమ్మాయి, నేను ఆమెను మేడమ్ అనేదాన్ని; ల్యాబులో పనిచేసే సారు ఒకాయన. ఈ పెట్టె పని వాళ్ళకు పైపని. వాళ్ళ పని అయ్యాక వచ్చి చూసుకునేవాళ్ళు.

ఒకరోజు ఊడుస్తూ అడిగాను. "మేడమ్, గిండ్ల ఏముంటది?"

"ఎక్కడెక్కడో ఉన్నోళ్ళు సాఫ్ట్‌వేర్ తయారు చేసి అందరికి ఊరికే ఇస్తరు అవ్వా. ప్రతి పిల్లగాడు గంత దూరంకెంచి దించుకోవాలంటే రోజులు పడుతది. గందుకే దాని నకలు ఈడ పెట్టినం. మన చుట్టుపక్కల కాలేజీలోళ్ళు ఈడికెంచే దించుకుంటరు. అక్కడ ఏం మారితే ఈడ గదే మారుతది."

"జీతమెవరిస్తరు మీకు?"

"ఎవ్వరియ్యరు."

"మరెందుకు చేస్తున్నరు?"

ఆమె నవ్వింది. "నువ్వు గీ గది ఊడ్వమని నీకెవరన్న చెప్పిండ్రా?"

నిజమే, ఎవరూ చెప్పలేదు. నా పనిలో ఆ గది లేదు. చల్లగా ఉంటుందని మొదట పోయాను, తర్వాత అలవాటయింది.

నకలు సంగతి మాత్రం నాకు వెంటనే పట్టింది. మేము డిజైను ప్రకారం నూలుకు అక్కడక్కడ దారంతో చిటికి కట్టి రంగు అద్దేవాళ్ళం. కొత్త డిజైను ఎక్కడో పెద్ద ఊళ్ళో గీస్తే, ఆ గీసిన కాగితం నకలు మా వాడకట్టులో ఒక ఇంట్లో ఉండేది. అందరం పోయి అది చూసుకుని వచ్చి కట్టుకునేవాళ్ళం. ఆ ఇంటివాళ్ళు తలుపు వేసుకుని పెళ్ళికి పోతే వాడకట్టంతా తిట్లే. మేడమ్‌కు ఈ మాట చెబితే ఎగిరి గంతేసినంత పని చేసింది. "అవ్వా, గదే గదే! మనం తలుపు మూయొద్దు. గంతే పని." ఆ రోజే గది తాళంచెవి ఒకటి నా చేతిలో పెట్టింది. "నువ్వు గూడ వాలంటీరువే ఇగ."

నా బతుకులో ఎవరూ అడిగి చేయించుకోని పని అది ఒక్కటే. పొద్దున రాగానే ముందు ఆ గది తీసేదాన్ని. ఏసీ నుంచి కారే నీళ్ళ బకెట్ పారబోయాలి. ఎలుకలు వైర్లు కొరకకుండా తలుపు కింద గోనెసంచి కూరాలి. కరెంటు పోతే బ్యాటరీల డబ్బా కుయ్ కుయ్ మంటుంది, అప్పుడు ల్యాబు సారుకు ఫోన్ కొట్టాలి. ఎర్రలైటు వెలిగితే మేడమ్‌కు చెప్పాలి. అంతకు మించి నాకు ఏమీ తెలియదు, తెలుసని చెప్పను. కానీ తాళంచెవి నడుము దగ్గర దోపుకుని వరండాలో నడుస్తుంటే వెనక నుంచి "ఏయ్ అమ్మా" అని పిలిచినవాళ్ళకు తిరిగి చూడాలనిపించేది కాదు.

దసరా సెలవుల ముందు డిపార్ట్‌మెంటులో ఆయుధ పూజ చేసేవాళ్ళం. కంప్యూటర్లన్నీ ఆపి, తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టడం. ఈ పెట్టెను మాత్రం ఆపేది లేదు. నడుస్తుండగానే చట్రం తలుపుకు బొట్టు పెట్టి బయటికి వచ్చేదాన్ని. మొదటిసారి నాకే వింతగా అనిపించింది. మగ్గానికి పూజ చేస్తే ఆ రోజు నేత ఆపి నాడె ముట్టం మేము. కానీ మేడమ్ వద్దంటే వద్దే.

ఇట్లా కొన్నేళ్ళు నడిచింది. అప్పుడు నా కంటికి పొర వచ్చింది.

నల్లగొండ దవాఖానలో ఆపరేషన్ చేసి, దుమ్ములో తిరగొద్దు, వంగొద్దు అని ఇంట్లో కూర్చోబెట్టారు. నేను లేని రోజులకు నా జాగాలో ఇంకొకామెను తెచ్చారు. పాలమూరు దిక్కు నుంచి వచ్చింది. వ్యవసాయం ఇల్లు; బోర్లు ఎండి, భూమి కౌలుకిచ్చి, మొగుడూ పెళ్ళాం చిట్యాలలో కిరాయికి దిగారు. మొగుడు ఏదో గోదాములో కాపలా. నాకంటే చిన్నదే, కానీ మరీ అంత చిన్నదేమీ కాదు. వెంట్రుకలకు రంగేసుకుంటుంది, అంతే తేడా.

కళ్ళు బాగై నేను తిరిగి వచ్చేసరికి గది ముందు ముగ్గు ఉంది. మూడు వరుసల ముగ్గు, మధ్యలో ఎర్రమన్ను. లోపల నుంచి నవ్వులు. తలుపు తోసి చూస్తే మేడమ్, ల్యాబు సారు, చదువుకునే పిల్లలు ఇంకో ఇద్దరు కింద కూర్చుని జొన్నరొట్టె, పచ్చిపులుసు తింటున్నారు. ఆమె మధ్యలో కూర్చుని వడ్డిస్తోంది. తాళంచెవి ఆమె నడుములో ఉంది.

"రా అవ్వా, ఎట్లున్నయి కండ్లు?" అన్నది మేడమ్. "గీ అక్క చేతి రొట్టె తిను జర."

గమనించారా? నేను అవ్వ, ఆమె అక్క.

తినలేదు. ఉపాసమని చెప్పాను. ఆ రోజు ఏ ఉపాసమూ లేదు.

తాళంచెవి నాకు తిరిగి ఇస్తారని రోజూ చూశాను. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. డిపార్ట్‌మెంటుకు ఇద్దరు కావాలని ఆమెను అట్టే ఉంచారు. ఒకరోజు నేనే అడిగాను, "మేడమ్, గా తాళం నాకియ్యమని చెప్పరాదు" అని.

"ఎందుకవ్వా, నీకు కన్ను ఆపరేషన్ అయింది. గా చల్లగాలి పడదు. అక్క చూస్తది తియ్యి, నువ్వు ఫికర్ చేయకు."

నా మీద ప్రేమతోనే అంది. నిజమే. కానీ ఆ ప్రేమతోనే నన్ను గది బయట నిలబెట్టింది.

పాలమూరామె పని తప్పు పట్టడానికి నేను చేయని ప్రయత్నం లేదు. బకెట్ నిండిందేమో అని తొంగి చూసేదాన్ని, ఖాళీగా ఉండేది. గోనెసంచి చూసేదాన్ని, నా పాతది తీసేసి కొత్తది కుట్టి పెట్టింది. పెట్టెతో మాట్లాడేది కూడా. "ఏం బిడ్డా, ఇయ్యాల గరమైనవా?" అని. పిల్లలు పడీపడీ నవ్వేవాళ్ళు. నేను ఇన్నేళ్ళు చేసినా ఒక్కసారి దాంతో మాట్లాడాలని నాకు తోచలేదు. ఇనుపపెట్టెతో ఏం మాటలు!

ఒకరోజు మేడమ్ ఫోన్ తెచ్చి చూపించింది. "అవ్వా, మన మిర్రరు తెరవంగనే గిప్పుడు గీ ఫోటో వస్తది. ఎంత మంచిగున్నదో సూడు."

చూశాను. గది తలుపు, ముందు ముగ్గు, ముగ్గు పక్కన ఆమె. నడుముకు తాళంచెవి. కింద ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది. నాకు తెలుగు అక్షరాలే వచ్చు. "ఏమని రాసిండ్రు?" అన్నాను.

"మా గదిని చూసుకునే అక్క అని."

ఏ దేశంలో ఎవరు ఆ పేజీ తెరిచినా ఆమె మొఖమే చూస్తారు. ఇంటికి పోయి ఆ రాత్రి మా ఆయన మీద అరిచాను. పాపం, ఆయన ఉప్పు అడిగాడు, అంతే.

మళ్ళీ దసరా వచ్చింది. సెలవుల ముందు రోజు పూజ. పసుపు కుంకుమల పళ్ళెం ఆమె చేతిలో ఉంది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. ఆమె చట్రం ముందుకు పోయి ఆగింది.

"గిదేంది మేడమ్, హోరున నడుస్తాంది. ఆపుర్రి."

"దాన్ని ఆపం అక్కా."

"నడిసే ఎద్దుకు బొట్టు పెడ్తరా ఎవలన్న? నాగలైనా, మోటరైనా, ట్రాక్టరైనా ఆపి, కడిగి, అప్పుడే పసుపు పెడ్తం. ఏడాదంత రెక్కలిరగ చేసింది గిది. ఒక్క గంట ఇంత కూసోనియ్యరా?"

అందరూ ఒకరి మొఖం ఒకరు చూసుకున్నారు. ల్యాబు సారు గడ్డం గోక్కున్నాడు. "నిజం చెప్పాలంటే లోపల దుమ్ము గూడ బాగ పేరుకున్నది. ఎట్లైన ఒకసారి ఆపి మళ్ళ చాలు చేసేదున్నది. రేపటికెంచి సెలవులు, దించుకునేటోళ్ళు గూడ తక్కువనే. ఆపుదాం."

"ఆపొద్దు," అన్నాను నేను.

అందరూ నా వైపు తిరిగారు. "ఎందుకవ్వా?"

"ఇన్నేండ్లు నేను నడుస్తుంటెనే పెట్టిన. ఏమైంది?"

ఆమె నవ్వింది. "అక్కా, నువ్వు సాలోళ్ళ దానివి, మగ్గం ఆపకుంటనే బొట్టు పెడ్తరా మీరు?"

ఆపుతాం కదా మరి! అందరూ నవ్వారు. పెట్టె గురించి ఏదో తెలిసి నేను ఆపొద్దన్నానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఆమె ఆపమంది కాబట్టి ఆపొద్దన్నాను. ఆమె ఆపొద్దంటే ఆపమనేదాన్ని.

ఆపారు. ఆ గదిలో హోరు లేకపోవడం నేను ఎప్పుడూ వినలేదు. బయట తుమ్మచెట్టు మీద కాకి అరుపు వినిపించింది. పెట్టెలు ఒక్కొక్కటే లాగి, దుమ్ము ఊది, గుడ్డతో తుడిచారు. ఆమె పసుపు రాసింది, కుంకుమ పెట్టింది, చామంతి పూలు పెట్టింది. బయట కొబ్బరికాయ కొట్టింది. ప్రసాదం పంచింది. అందరూ ఆనందంగా ఉన్నారు. నేను ప్రసాదం కొంగులో కట్టుకున్నాను, తినలేదు.

తర్వాత సారు మీట నొక్కాడు. ఫ్యాన్లు తిరిగాయి. కానీ లోపల నుంచి టక్కు, టక్కు, టక్కు. గోరుతో రేకు మీద కొట్టినట్టు. ఎర్రలైటు ఒకటి, పక్కన ఇంకొకటి, దాని పక్కన ఇంకొకటి.

సారు ఆపాడు, మళ్ళీ వేశాడు. మళ్ళీ టక్కు, టక్కు. మేడమ్ కింద కూర్చుండిపోయింది. సారు ఒక్కో లైటు చూసి చెప్పాడు. "డిస్కులు పాతయి. ఏండ్లకేండ్లు ఆగకుంట తిరిగినయి. తిరిగినన్ని రోజులు తిరిగినయి గాని, ఆగి చల్లబడేసరికి మళ్ళ లేవలేకపోతున్నయి. ఒకటి రెండు పోతే నిలబెట్టేటోళ్ళం. గిన్ని పోతే కాదు."

"అంత పోయిందా?" అన్నాను.

"మన నకలు పోయిందవ్వా. అసలుది ఆడ ఉన్నది. మళ్ళ మొత్తం మొదటికెంచి దించుకోవాలె. గిట్లనే ఖాళీగ ఉంటే మన పేరు మిర్రర్ల వరుసకెంచి తీసేస్తరు. అప్పుడు మనమొకలం ఉన్నట్టు గూడ ఎవలికి తెల్వది."

పాలమూరామె పళ్ళెం పట్టుకుని అట్లాగే నిలబడింది. ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. పైగా మేడమ్ లేచి ఆమె భుజం పట్టుకుంది. "నీ తప్పు లేదక్కా. ఆపింది మేము. ఎప్పుడో ఒకసారి కరెంటు పోయి బ్యాటరీ గూడ అయిపోతే గిట్లనే అయితుండె."

నా కడుపులో రెండు మంటలు ఒకేసారి లేచాయి. పెట్టె పోయిందని ఒకటి, ఆమెను తిట్టలేదని ఒకటి. ఏది పెద్దదో చెప్పమంటే చెప్పలేను.

ఆమె తాళంచెవి కిటికీలో పెట్టి వెళ్ళిపోయింది. సెలవులు అయిపోయాక పనికి రాలేదు.

మేడమ్ తాళంచెవి నా చేతిలో పెట్టింది. "అవ్వా, నువ్వే చూస్కో ఇగ."

ఇన్ని రోజులు నేను కోరుకున్న మాట ఇదే. నడుములో దోపుకున్నాను. ఇంటిదాకా చేయి దాని మీదే పెట్టుకుని పోయాను. బస్సులో పక్కనామె "కడుపు నొస్తుందా పెద్దమ్మా?" అని అడిగింది.

హైదరాబాదులో తెలిసినవాళ్ళ దగ్గర సారు కొన్ని డిస్కులు అడిగి తెచ్చాడు, ఇక్కడి పిల్లలు ఇంకొన్ని పట్టుకొచ్చారు. దించడం మొదలైంది. మెల్లగా, చాలా మెల్లగా, మగ్గం మీద కొత్త పడుగు ఎక్కించినట్టు. నా పని నాకు దొరికింది. బకెట్, గోనెసంచి, ఎర్రలైటు. ఎవరి కంటా పడకుండా చట్రం దగ్గరికి పోయి, "ఏం బిడ్డా" అని కూడా ఒకసారి అని చూశాను. సిగ్గేసి బకెట్ తీసుకుని బయటికి వచ్చేశాను.

కానీ ఏదో తక్కువైంది. తలుపు తోసుకుని ఎవరు వచ్చినా ముందు అడిగే మాట ఒకటే. "అక్క రాలేదా?" సారు అదే, పిల్లలు అదే. మధ్యాహ్నం అన్నాలు ఎవరి గదిలో వాళ్ళు తింటున్నారు. గది ముందు ముగ్గు చెరిగిపోయింది. నేను వేస్తే వంకర పోయింది. తాళంచెవి నడుములో ఉంది, వరండా ఈ చివర నుంచి ఆ చివర దాకా నడుస్తున్నాను, చూసి కడుపు మండేవాళ్ళు ఒక్కరూ లేరు. నా చెయ్యి దాని మీదికి పోవడం కూడా మానేసింది.

ఒక ఆదివారం చిట్యాల బస్సెక్కాను.

ఆమె కిరాయికి ఉండే జాగా అడుగుతూ పోయాను. రోడ్డుకు వెనక, రేకుల గది. గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నన్ను చూసి లేవలేదు. ఆమె చూపు నా నడుము మీద పడింది. అక్కడ తాళంచెవి ఉంది. కొంగు పక్కకు జరిపి, కనబడేటట్టు నేనే పెట్టుకుని వచ్చాను.

"తాళం దొరికింది గదా అక్కా. ఇంకేం గావాలె?"

"పనికెందుకొస్తలేవు?"

"ఏ మొఖం పెట్టుకొని రావాలె? పచ్చగ నడిసేదాన్ని నా చేతులతోని కూసోబెట్టిన."

"నువ్వు చెప్తే వాళ్ళకు బుద్ధి లేదా? ఆపింది సారు. గా డిస్కులు ముసలియి, పోయినయి. మళ్ళ నింపుతున్నరు. సగం దాంక నిండింది."

"గీ మాట చెప్పనీకి నిన్ను మేడమ్ తోలిందా?"

"నన్నెవ్వలు తోల్లే."

"మరెందుకొచ్చినవ్? నేనంటే నీకు పడది గదా. నా రొట్టె ఒక్క తునక ముట్టలే నువ్వు. నాకు తెల్వదనుకున్నవా, ఉపాసమంట!"

"పడది," అన్నాను. "ఇప్పటికి గూడ పడది."

"మరి?"

"తాళం నా బొడ్డు కాడ ఉంటే నువ్వు సూడాలె. ఎవ్వలు సూడకుంటే ఎందుకే గిది నాకు?"

ఆమె చేతిలో చిక్కుడుకాయ అట్లాగే ఆగింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. ఒడిలోని గింజలు కింద పడేదాకా నవ్వింది. లోపల నుంచి ఆమె మొగుడు "ఏమైందే?" అని అరిచాడు.

"ఏం లేదు, నన్ను జూసి కుళ్ళేటామె తోల్కపోనీకొచ్చింది!" అంది. కొంగుతో కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగింది. "అక్కా, నాకేం కుళ్ళు లేదనుకున్నవా? నువ్వు లేనప్పుడు ఆ గదిల ఏం చేసినా 'అవ్వ గిట్ల చేసేది, అవ్వ గట్ల చేసేది' అని ఒకటే పాట. నీ గోనెసంచి తీసేసింది ఎందుకనుకున్నవ్? చూస్తుంటే ఒళ్ళు మండేది."

ఇది నాకు తెలియదు. ఆ మాట వినగానే నాకు కలిగిన సంతోషం ఎంతని చెప్పను. ఆ రోజు ఆమె ఇంట్లో రెండు రొట్టెలు తిన్నాను. పచ్చిపులుసులో ఉప్పు తక్కువైందని చెప్పాను. నిజానికి సరిపోయింది.

"వస్త గాని," అంది నేను లేచేటప్పుడు, "ముగ్గు నాదే."

"ముగ్గు నీదే. తాళం నాది."

"జర దినాలు పోనీ, చూద్దాం," అంది. ఆ 'చూద్దాం' నాకు నచ్చలేదు.

మరుసటి రోజు వచ్చింది. పిల్లలు ఆమెను చూసి చేసిన గోల చూసి నాకు మళ్ళీ కడుపు మండింది. కానీ ఈసారి నా చెయ్యి తాళంచెవి మీద ఉంది, ఆమె దాన్ని చూసింది, నేను ఆమె చూడడం చూశాను. ఆ చలికాలంలో పెట్టె మళ్ళీ నిండింది. వరుసలో మన పేరు పోలేదని సారు వచ్చి చెప్పాడు. అందరం చాయ్ తాగాం.

ఆ తర్వాతి దసరాకు పెట్టెను ఎవరూ ఆపమనలేదు. హోరుమంటూ నడుస్తోంది. చట్రం తలుపుకు పసుపు ఆమె రాసింది, కుంకుమ నేను పెట్టాను. దానికి ముందు ఎవరు ఏది పెట్టాలో వరండాలో గట్టిగానే మాట్లాడుకున్నాం, అది వేరే సంగతి. గది ముందు ఆమె ముగ్గు, ముగ్గు అవతల నేను, నా చేతిలో కొబ్బరికాయ. మేడమ్ ఫోన్ పట్టుకుని నిలబడింది, పేజీలో పాత ఫోటో తీసేసి కొత్తది పెడతామని.

"అక్కా, కొంగు జారుతాంది నీకు. తాళం కింద పడ్తది. జరసేపు నేను పట్టుకుంట, ఇయ్యి," అంది ఆమె చెయ్యి చాపి.

ఇవ్వలేదు. కొబ్బరికాయ కింద పెట్టి, తాళంచెవిని కొంగు చివర గట్టిగా ముడివేసి, నడుం చుట్టూ బిగించి, అప్పుడు కాయ కొట్టాను.

ఇప్పుడు పనిలో లేను, ఇంట్లోనే ఉంటున్నాను. ఆ ఫోటో నా ఫోన్లో ఉంది. ఆమె నవ్వు బాగా వచ్చింది, ఫోటో చూసినవాళ్ళందరూ ముందు ఆమెనే చూస్తారు. నా మొఖం మీద కొబ్బరినీళ్ళు చింది కళ్ళు మూతబడ్డాయి. కానీ వేళ్ళతో లాగి పెద్దగా చేస్తే, నా నడుము దగ్గర ముడిలో తాళంచెవి పళ్ళతో సహా కనిపిస్తుంది. ఎవరు వచ్చినా అది లాగి చూపిస్తాను.